ఆయన నొక్కని మీట

ఇరవై ఆరేళ్లుగా దినచర్య రాస్తున్నాను. వాన ఎన్ని రోజులు పడింది, బస్సు ఎన్ని గంటలు ఆలస్యమైంది, ఎవరికి ఏ మాట ఇచ్చాను, అన్నీ తేదీలతో ఉన్నాయి. ఆ పుస్తకాల్లో ఒక్క వాక్యం అబద్ధం. తెలిసి రాసిన అబద్ధం. 1989 ఆగస్టు పుస్తకంలో, పేజీ అడుగున, మిగతా వాక్యాలకంటే కాస్త చిన్న అక్షరాలతో ఉంది. దాన్ని మోస్తూనే ఖచ్చితమైన మనిషినని పేరు తెచ్చుకున్నాను. మీరు నన్నెరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

బాపు మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. నాకు చుట్టం కాదు. ఊరంతా బాపు అంటే నేనూ అలాగే పిలిచాను. అల్లపల్లి కలప డిపోలో ముప్పై ఏళ్లు మొద్దులకు నంబర్లు వేయించిన మనిషి. పనికి వచ్చిన గోండు కూలీలను అడిగి అడిగి చెట్ల పేర్లు, తీగల పేర్లు, ఏ ఆకు దేనికి పనికొస్తుందో డిపో చీటీల వెనుక రాసుకున్నారు. గోండిలో ఒక మాట, పక్కన తెలుగు, దాని పక్కన మరాఠీ. చెప్పినవాళ్లలో సగం మంది అప్పటికే పోయారు. ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చి కొన్ని చీటీలు ముద్దయ్యాయి. అది విని, నాగపూర్‌లో ఉన్న ఆయన మేనల్లుడు తన దుకాణంలోని పాత కంప్యూటరును పంపించాడు. అరవై నాలుగేళ్ల వయసులో, డిపోలో నేర్చిన ఇంగ్లీషు అక్షరాలతో, రెండు చూపుడు వేళ్లతో, బాపు ఆ మాటలను అందులోకి ఎక్కించసాగారు.

అప్పట్లో నేను జిల్లా కేంద్రంలో గుమస్తాను. ఆరు వారాల శిక్షణ పొందినవాడిని. సిరొంచలో కంప్యూటరు తెలిసినవాడంటే నేనొక్కడినే. అందుకే బాపు నన్ను పంతులూ అని పిలిచేవారు. రెండు వారాలకోసారి శనివారం ఇంటికి వచ్చినప్పుడు ఆయన లెక్క చెప్పేవారు, నేను రాసుకునేవాడిని. ఏప్రిల్ చివరికి 310 మాటలు. మే చివరికి 702. జూన్ చివరికి 1,146. ఎక్కించిన చీటీలను ఏం చేయమంటావని అడిగితే, ఇక వాటితో పనిలేదు, చెదలు పడతాయి అన్నాను. అవ్వ, అంటే ఆయన భార్య, వాటితో పొయ్యి రాజేసింది.

జులైలో మేనల్లుడు ఉత్తరం రాశాడు. నాగపూర్‌లో కంప్యూటర్లకు వైరస్ అనే జబ్బు వస్తోందని, ఫ్లాపీల ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటుందని, దానికి మందులాంటి ప్రోగ్రాం కొనుక్కోమని. ఒక కంపెనీ కాగితం కూడా జతచేశాడు. సీలు వేసిన అసలు ఫ్లాపీ, దానితోపాటు కొత్తవాళ్ల కోసం బొమ్మలతో ఒక చిన్న పుస్తకం, టపాలో వస్తాయి. మా ఆఫీసులో అలాంటి మందుదే ఒక నకలు చేతులు మారుతూ తిరుగుతోంది. బాపు రెంటి సంగతీ విని, "ఏది మంచిదో నువ్వే జెప్పు పంతులూ, నాకేమెర్క" అన్నారు.

నకలే చాలన్నాను. రెండూ ఒకటే అన్నాను. ఎందుకన్నాను? టపా ఆలస్యమవుతుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. ఆ చిన్న పుస్తకం ఆయన చేతికి వస్తే, ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని అట్ట నుంచి అట్ట దాకా చదివేస్తారని నాకు తెలుసు. చదివాక శనివారం ఆ గుమ్మంలో నా కోసం ఎదురుచూసేవారెవరు? ఒక ముసలాయనకు నేను అవసరం కావడం మానేస్తానన్న భయంతో, ఆయనకు మంచిది కానిదాన్ని మంచిదని చెప్పాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దాన్ని నల్ల చీటీతో మూస్తే కంప్యూటరు ఫ్లాపీని చదవగలదు గాని, దాని మీద ఏమీ రాయలేదు. వైరస్ కూడా రాయలేదు. సీలు వేసి వచ్చే అసలు ఫ్లాపీకి ఆ గాటే ఉండదు. నేను నకలు మీది చీటీ ఊడదీశాను. ఆఫీసు కంప్యూటరులో పెట్టి, తెరవగానే 'బాపుకు నమస్కారం' అనీ, కింద నా పేరూ కనబడేట్టు రాశాను. ప్రతి ఉదయం ఆయన మొదట నా పేరు చూడాలి. అంతే. మళ్లీ చీటీ అంటించి, సిరొంచకు తెచ్చి ఇచ్చాను. రోజూ దీనితోనే కంప్యూటరు తెరవండి, ఇంకెవరి ఫ్లాపీనీ లోపలికి రానివ్వకండి అని చెప్పాను.

ఆయన అక్షరాలా పాటించారు. కాళ్లు కడుక్కుని వచ్చి, ఆ ఫ్లాపీ పెట్టి, అప్పుడు కూర్చునేవారట. "మీ బాపు దేవునికన్న ముందు దానికే మొక్కుతుండు బిడ్డా" అని అవ్వ నాతో నవ్వుతూ అంది.

ఆగస్టులో ఒక గురువారం మా ఆఫీసు కంప్యూటరు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరు అది కొత్త వైరస్ అనీ, మా నకలు మందు దాన్ని గుర్తుపట్టలేదనీ, అది చాలా రోజులుగా లోపల ఉందనీ చెప్పాడు. చీటీ తీసిన ఫ్లాపీ ఏదైనా ఇందులో పెట్టారా, పెడితే అది చేరిన చోటికి వెంటనే కబురు చేయండి అన్నాడు. నా పేరు రాయడానికి చీటీ ఊడదీసింది గుర్తుండి కూడా లేదన్నాను. సిరొంచకు ఒక టెలిగ్రాం చాలు. 'కంప్యూటర్ తెరవవద్దు.' ఆ మాటలు మనసులో కూర్చుకున్నాను కూడా. కాని ఎందుకని అడిగితే? శనివారం వెళ్లి, చప్పుడు చేయకుండా ఆ ఫ్లాపీ వెనక్కి తీసుకుందామనుకున్నాను. అల్లపల్లి దాటాక వాగు పొంగి బస్సు ఆగింది. ఆదివారం మధ్యాహ్నం చేరాను. ఆ ఉదయమే అయిపోయింది.

బాపు నల్లటి తెర ముందు కూర్చుని ఉన్నారు. నకళ్లు ఉంచుకున్న రెండు ఫ్లాపీలనూ తెరవబోయి అవీ పోగొట్టుకున్నారు. 1,388 మాటలు.

"ఏంది పంతులూ, గిట్లయింది? నేనేమన్న తప్పు మీట నొక్కిన్నా?"

గుమ్మంలోంచి అవ్వ అంది: "మొద్దులు లెక్కవెట్టే చేతులకు గీ షోకెందుకయ్యా అంటె ఇన్నవా?" నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు.

"అయ్యుంటది బాపూ," అన్నాను. "కొత్తల అందరికి గట్లనే అయితది."

ఆయన తన రెండు వేళ్లనూ తిప్పి చూసుకున్నారు. "నిన్న జర తొందరపడ్డ. గప్పుడే అయ్యుంటది." నా అబద్ధానికి కావలసిన సాక్ష్యం ఆయనే వెతికి ఇచ్చారు. తరువాత నా ముఖం చూసి, "నువ్వు పరేషాన్ గాకు. నువ్వు సక్కగనే జెప్పినవ్" అన్నారు.

ఓదార్పు పొందింది నేను. దీనికంటే చేదైనది నా పుస్తకాల్లో ఇంకొకటి లేదు.

ఫ్లాపీని జేబులో వేసుకుని వచ్చేశాను. ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. గుర్తున్నవైనా రాయమంటే, "నా చెయ్యి మంచిది గాదు" అనేవారు. రేడియో మీట తిప్పడానికి కూడా అవ్వను పిలిచేవారు. ముప్పై ఏళ్లలో ఒక్క మొద్దు నంబరు తప్పని చేతులవి. ఆ తరువాత రెండో ఎండాకాలంలో పోయారు. పాడెకు నేనూ భుజం పట్టాను. ఆ ఇరవై నెలల్లో ఎన్ని శనివారాలు ఆయన ఎదుట కూర్చున్నానో లెక్క ఉంది: ముప్పై ఏడు. ఏ ఒక్కనాడైనా ఒక్క వాక్యం చెబితే, మాటలు తిరిగి రాకపోయినా ఆయన చేతులు ఆయనకు తిరిగి వచ్చేవి కదా? చెప్పలేదు.

ఆ ఆదివారం నేను రాసుకున్నది ఇది: 'బాపు పొరపాటున మీట నొక్కి అన్నీ పోగొట్టుకున్నారు.'

ఈ ఉదయం దాని మీద గీత కొట్టాను, కింది అక్షరాలు కనబడేట్టుగానే. పక్కన రాశాను: 'పోగొట్టింది నేను. ఆయన ఏ తప్పు మీటా నొక్కలేదు.'

అవ్వ ఇంకా ఉంది. చదువు రాదు. ఇప్పటికీ ఎవరికైనా ఆ కథ నవ్వుతూనే చెబుతుంది, ఆయన చేతులను తిడుతూ. ఆమె ఎదుట నిలబడి చెప్పగలనని మీకు మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పితే అదీ రాసుకోవాలి. ఇది రాసినందుకు చెయ్యి కాస్త తేలికైంది. ఆ తేలికకూ సిగ్గుగానే ఉంది.