కేబిన్ కాడ పచ్చజెండ

దయ్యాలు గియ్యాలు అంటే నవ్వేదాన్ని. పట్టాల పక్కపొంటి ముప్పై ఏండ్లు బతికినం. బండి కింద పడి సచ్చినోళ్లకు బట్ట కప్పి, పోలీసులు వచ్చేదాక మా ఆయన కావలి కూసునేటోడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని అన్నం తినేటోడు. ఒక్క పీనుగు గూడ లేచి ఆయన ఎనక రాలే. ఇది ముందే ఎందుకు చెప్తున్ననంటే, ఇగ చెప్పేది నాకే నమ్మబుద్ధి కాదు.

మాది చిన్న స్టేషను. ఒకప్పుడు జంక్షన్. పటాన్‌చెరు దిక్కు కంపెనీలకు ఇక్కడికెల్లే ఇంకో లైను చీలిపోయేది. బొగ్గు, ఇనుము దాని మీదనే పోయేటియి. ఆ లైను మార్చే లివర్లు ప్లాట్‌ఫారం చివర కేబిన్ల ఉండేటియి. మా ఆయన అండ్ల పాయింట్స్‌మన్. తర్వాత కంపెనీల సరుకంత లారీలకెక్కింది. ఆ లైను పట్టాలు పీక్కపోయిండ్రు, ఆ జాగల ప్లాట్లు పడ్డయి. బోర్డు మీద జంక్షన్ అన్న మాట కనవడకుండ పసుపు రంగు పూసిండ్రు. ఇప్పుడు రోజుకు నాలుగు ప్యాసింజర్లు ఆగుతయి. టికెట్లు నేనే ఇస్త.

బండి ఆగకుండ పోతుంటే స్టేషన్ల మనిషి పచ్చజెండ పట్టాలె. ఎనక డబ్బల ఉన్న గార్డు గూడ జెండ చూపియ్యాలె. బండికేం కాలేదని ఒకరికొకరు చెప్పుకునుడన్నట్టు. జంక్షన్ పోయినంక మా దగ్గర ఆ పని లేదు. అయినా మా ఆయన మానలే. రిటైరైనంక గూడ పగటి మూడు గంటల గూడ్సుకు పోయి, పాడువడ్డ కేబిన్ కాడ జెండ పట్టుకొని నిలవడేటోడు. నీకేమన్న జీతమిస్తుండ్రా అని తిట్టేదాన్ని. గార్డులందరికి ఆయన ఎరుకే.

పోయినేడు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎనిమిది నెలలు మంచంలనే. బండి కూత ఇనవడితే ఎడమ చేత్తో తువ్వాల లేపేటోడు. మాకు పిల్లలు లేరు. అది చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన పాణం పోయినప్పుడు నేను కౌంటర్ల ఉన్న. ఇంటికి పోయేసరికి అయిపోయింది. నా కోసం కండ్లు తెరిచి చూసిండో లేదో తెల్వది. ఏడుపు గూడ రాలే. పదకొండు దినాలైనంక మళ్ల వచ్చి కౌంటర్ల కూసున్న.

నెల దాటింది. ఒకనాడు పగటీలి సిగ్నల్ దొరకక గూడ్సు ఆగింది. గార్డు డబ్బ సరిగ్గ నా కౌంటర్ ముందర. ముసలి గార్డు సారు దిగి నీళ్లడిగిండు.

బాటిల్ నింపుకుంట, "యాదగిరి చాన దినాలకు కనవడ్డడమ్మా. ఈ వారంల రెండుసార్లు చూసిన, కేబిన్ కాడ. ఎడమ చేత్తో జెండ పడుతుండేంది, కుడిచేతికేమైంది?" అన్నడు.

"ఆయన పోయి నెల దాటింది సార్" అన్న. గార్డు సారు బాటిల్‌కు మూత పెట్టుడు మర్చిపోయిండు. సిగ్నల్ పడ్డది, ఎక్కి పోయిండు.

మర్నాడు మూడింటికి కిటికీలకెల్లి చూసిన. గూడ్సొచ్చింది. గార్డు వేరేటాయన, పడుసాయన. కేబిన్ దిక్కు తిరిగి జెండ ఊపిండు. అక్కడ తుమ్మచెట్లు, కూలిన గోడ, అంతే. పాత అలవాటు మీద ఊపుతుండ్రేమో అనుకున్న. మరి ఎడమచెయ్యి సంగతి ముసలాయనకు ఎవలు చెప్పిండ్రు? నేనైతే ఎవలకు చెప్పలే.

ఆ మర్నాడు మూడింటికి కౌంటర్ మూసి నేనే పోయి కేబిన్ కాడ నిలవడ్డ. బండి పోతుంటే గార్డు జెండ లేపిండు. నన్ను చూసి కాదు, నా భుజం మీదికెల్లి ఎనకకు చూసి. తిరిగి చూసిన. ఎవ్వలు లేరు.

భయం కాలే. పేరు పెట్టి పిలిచిన. పెండ్లైనసంది ఆ పేరు నా నోట్లకెల్లి రాలే. ఎవ్వలు పలుకలే.

రోజు మూడింటికి పోతున్న. గార్డులకు ఎట్ల కనవడుతుండో నాకు ఇప్పటిదాక తెల్వది. నాకెందుకు కనవడడో అది గూడ తెల్వది. ఒట్టిగ కోపమొస్తది. నువ్వు పోయేటప్పుడు పక్కన లేననేనా ఇదంత అని అడుగుదామన్నా, అడగనీకె మనిషి కనవడాలె గద.