నేలవేము పని చేసిన రోజు

మా నాయినకు కేతేపల్లి దగ్గర నలభై గొర్రెలు. వాటి వెంట గుట్టలన్నీ తిరిగే మనిషి కాబట్టి నా పరిశోధనకు కావలసిన నేలవేము ఆయనే కోసి తెచ్చేవాడు.

"గొర్రెలు గూడ దీనికి మూతి పెట్టవు బిడ్డా, గంత చేదు. నువ్వేం జేస్తవ్ దీంతోని?"

దీని సారం పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందో చూస్తున్నానని చెబితే, తల ఊపి ఇంకో కట్ట ఇచ్చేవాడు.

నల్లగొండలోని మా ల్యాబులో చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో ఆ కణాలు పెంచి, సారం వేసి, రెండు రోజులాగి పసుపు రంగు రసాయనం కలుపుతాం. కణాలు బతికుంటే రంగు ఊదాకు తిరుగుతుంది. చస్తే పసుపుగానే ఉంటుంది. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నేరేడు పళ్ళు పిండినట్టు పళ్ళెమంతా ఊదాయే.

మూడోసారి సారం మోతాదు పెంచాను. మధ్యాహ్నం తీసి చూస్తే, సారం వేయని వరుస ఊదాగా ఉంది, వేసిన వరుసలన్నీ పసుపే! వరండాలో అటూ ఇటూ పరుగెత్తి, ఆగలేక నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా, సచ్చినయ్! అన్నీ సచ్చినయ్!"

ఆ రోజు ఆయన మందను అమ్మకు అప్పజెప్పి సంతకు వెళ్ళాడని నాకు తెలియదు.

"అయ్యో! అమ్మ ఫోన్ జేసిందా? ఎన్ని సచ్చినయే?"

"ఎన్నేంది నాయినా, వేలకు వేలు!"

"వేలా? మనకున్నయే నలభై గదనే!"

మెట్ల మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. సచ్చినవి క్యాన్సర్ కణాలని చెప్పేసరికి ఆయన సంతంతా వినేలా అరిచాడు, "మా బిడ్డ క్యాన్సర్‌కు మందు కనిపెట్టింది!"

"మందు గాదు నాయినా, గట్లనకు!" అంటూనే ఉన్నాను. ఫోన్‌లో అటువైపు ఎవరో ఈల కూడా వేశారు.

మర్నాడు రెండు బస్తాల నేలవేముతో బస్సు దిగాడు. నాకు కావలసింది గుప్పెడు. నా పరిశోధనకు గైడైన మా మేడం ఆ బస్తాలు చూసి నవ్వి, తర్వాత నాతో అంది, "పళ్ళెంలో చావడం వేరమ్మా, మనిషి కడుపులో వేరు. ముందు మామూలు కణాల మీద వేసి చూడు."

వేశాను. అవీ చచ్చాయి. ముఖం వేలాడేసుకుని నాయినకు చెబితే, కూరలో ఉప్పెక్కువైనప్పుడు అమ్మతో అన్నట్టే అన్నాడు.

"అయితే జర తక్కువెయ్యి."

తక్కువేశాను. మామూలు కణాలు చాలావరకు నిలిచాయి, క్యాన్సర్‌వి కొన్ని పోయాయి. అది మందు కాలేదు గానీ నా థీసిస్‌లో ఒక అధ్యాయమైంది. ఆ సాయంత్రం మేడం ల్యాబులో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది.