ఇనుప కంతలో మా బావ

నిన్న దువ్వాడలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు రెండంతస్తుల నడుమ ఆగిపోయింది. తోటివారు తలుపు బాదుతూ గోల చేస్తుంటే నేను ఓ మూల గోడకు చేరబడ్డాను. ఇరుక్కుపోవడమంటే ఏమిటో మా బావ నాకు ఏనాడో చూపించి ఉన్నారు.

అక్కకు, బావకు ఒకప్పుడు ఓడలకు దారి చూపిన ఒక పాత దీపస్తంభం చూపించాలన్న ఏర్పాటు నాదే. కాకినాడ వైపు, మడ అడవుల కావల దీవిలో, దొరల కాలంలో నిలిపిన ఇనుప కట్టడమది. దీపం ఆరి చాలాకాలమైంది. పోటు మీద పడవలో వెళ్ళి, నీరు తీయకముందే తిరిగి రావాలని పద్ధతిగా నిర్ణయించాను. ముందునాడు సింహాచలం వెళ్ళివచ్చిన అక్క ప్రసాదపు పులిహోరను స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. స్వామి ప్రసాదాన్ని చేపల పడవలో గాని, నేలమీద గాని పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. డబ్బాను తువ్వాలులో చుట్టి, బావ చొక్కా లోపల నడుముకు కట్టింది. స్తంభం చూసి దిగాక ముగ్గురమూ తినాలన్నది ఒప్పందం.

మోకాళ్ళ నొప్పులతో అక్క కిందనే ఉండిపోయింది. చుట్లు తిరిగే మెట్లెక్కి, కప్పులోని కంత గుండా నేను ముందుగా పై వరండాలోకి వచ్చాను. నా వెనుక బావ ఛాతీ వరకు వచ్చి ఆగిపోయారు. సహజంగానే నిండైన విగ్రహం, ఆపైన డబ్బా. పైకి రారు, కిందికి పోరు. నేను దిగే దారి అదొక్కటే. చుట్టూ సముద్రం, కాళ్ళకింద కాలుతున్న ఇనుము, చెయ్యి వేస్తే ఊగే తుప్పు కటకటాలు.

“నానిక్కడ బిరడానాగ బిగిసిపోనాను బావా! లాగితే సొక్కా వత్తాది గానీ నాను రాను,” అని బావ నవ్వబోయారు.

ఆ నవ్వు మధ్యలోనే కింద నుంచి అక్క గొంతు నీరసంగా వినిపించింది: “తమ్ముడూ, కళ్ళు తిరిగిపోతన్నాయిరా. సుగరు మాత్ర ఏసుకున్నాను. మీ బావేటి సేత్తన్నార్రా? బేగి దిగమను!”

ఆమెకు వెంటనే తిండి పడాలి. ఆ తిండే మా దారి మూసింది. నేను బోర్లా పడుకుని, బావ పొట్టకూ ఇనుప అంచుకూ నడుమ చెయ్యి దూర్చాను. బావాబావమరదుల వరస కాబట్టి గాని, మరొకరి విషయంలో అంతటి చొరవ సభ్యత కాదు. “కితకితలెట్టకు బావా!” అని ఆయన మెలికలు తిరిగారు. ముడి చెమటకు తడిసి బిగుసుకుంది. ఎంతసేపు పెనుగులాడానో, చివరకు వదులైంది. డబ్బా జారి, మెట్టు మెట్టుకూ మోగుతూ అట్టడుగుకు పోయింది. ఆపై నిశ్శబ్దం. ఇద్దరం కిందికి చెవులు రిక్కించాం.

“మూత ఊడనేదు!” అంది అక్క. “మీకోసం సూడను, తినేత్తన్నాను!”

మేం దిగేసరికి నీరు తీసేసింది. పడవ బురదలో కూర్చుంది. మళ్ళీ పోటు వచ్చేదాకా స్తంభం నీడలో ముగ్గురమూ ఖైదీలమే. అక్క మెతుకు మిగల్చలేదు. బావ ఖాళీ డబ్బా మీద దరువు వేస్తూ ఆమెను నవ్వించారు. నేను మాత్రం ఆ పూట త్వరగా గడవాలని పదే పదే గడియారం చూసుకున్నాను. కాలం నా మాట మన్నించింది. ఆ పూటనే కాదు, వారిద్దరి కాలాన్ని కూడా త్వరగానే గడిపేసింది.