లారీ పోయింది, తాడు మిగిలింది

నాకు లారీ నడపడం వచ్చు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. ఈ ఉదయం ఎమ్మిగనూరులో మా అత్తవారి వీధి మొదట్లో ఒక లారీ మొరాయించింది. డ్రైవరు ముందు కడ్డీ పెట్టి తిప్పుతుంటే ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతోంది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నేను కిటికీ వదల్లేదు. పలకరిస్తేనే తల దించుకునే కోడలు లారీని అంతసేపు ఎందుకు చూస్తోందో మా అత్తగారికి అర్థం కాలేదు.

నేర్పింది మా అన్న. ఆదోనిలో మా నాయన ఎద్దుల బండి మీద పత్తి తోలినవాడు. అన్న పాత లారీ ఒకటి కొని తన పేరున రాయించుకున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, మనిషి తిరగని చేల బాటలో నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి తాను పక్కన వేరుశనక్కాయలు ఒలుచుకునేవాడు. గేరు కిర్రుమంటే, "దాన్నేమన్నా తిట్టినావా పాపా, అట్ల ఏడుస్తాంది?" అనేవాడు. ఊరు దగ్గరపడగానే నేను వెనక్కి ఎక్కి, పత్తి నింపిన బోరాలు కట్టే తాడు చుట్ట మీద కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని. నార వాసన, పెట్రోలు వాసన కలిసిన ఆ తాడే నా సింహాసనం.

తర్వాత అన్నకు క్షయ అన్నారు. దూరపు ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలన్నాడు డాక్టరు. లారీ అమ్మితే తప్ప దారి లేదు. ఎమ్మిగనూరు సావుకారి ఒకాయన కొంటానన్నాడు, లారీ రిజిస్ట్రేషను పుస్తకంలో తన పేరు పడ్డాకే డబ్బు అన్నాడు. అందులో తప్పేమీ లేదు. చిక్కు మరోచోట ఉంది. ఆ లారీ రిజిస్టరయినప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మేం కర్నూలు జిల్లాలోకి వచ్చాం, బళ్లారి మైసూరుకు పోయింది. అక్కడి కాగితం ఇక్కడికి రావాలి. నాయన సంచి పట్టుకుని రెండు ఊళ్లకూ తిరిగాడు. "మనం యాడికీ కదల్లేదు గదా, ఊరెట్ల కదిలిపాయ?" అని అమ్మను అడిగేవాడు. అన్న మంచం మీంచి నవ్వేవాడు: "లారీ కన్నడమైపాయ నాయినా, నువ్వు తెలుగులో అడిగితే యాడొస్తాది?" పత్తి పూత మీదున్నప్పుడు అడిగిన కాగితం, పత్తి ఏరడం అయ్యాక వచ్చింది. అప్పటికి అన్నకు నవ్వడానికి ఊపిరి చాలడం లేదు. పుస్తకంలో అన్న పేరు మీద ఎర్రసిరా గీత కొట్టారు. నాయన చదవమంటే, గీత కింద పేరు ఇంకా కనబడుతూనే ఉందని చెప్పాను. నిజంగానే కనబడుతోంది.

లారీ తోలుకుపోవడానికి సావుకారి డ్రైవరుతో వచ్చిన రోజు నాయన ఇంజను తిప్పే కడ్డీ తీసి వీపు వెనక పెట్టుకున్నాడు. మా వైపు ఎద్దును అమ్మినా దాని మెడన కట్టిన పలుపు ఇవ్వరు. అది పోతే ఇంటి కళ పోతుందని నమ్మకం.

"ఎద్దయితే కొత్త పలుపు కట్టుకోని తోలుకపోతా. కడ్డీ లేకుంటే ఇదెట్ల లేస్తాది పెద్దాయనా?" అన్నాడు సావుకారి.

"అదంతా నాకు తెల్దు. పలుపు ఇయ్యకూడదు."

లోపలినుంచి అన్న సన్నగా పిలిచాడు. "నాయినా, కడ్డీ ఇచ్చెయ్. బోరాల తాడు పెట్టుకో, అదే పలుపు."

సావుకారి లారీలోంచి తాడు దించి నాయన చేతిలో పెట్టాడు. డ్రైవరు గేరు వేస్తే లారీ కిర్రుమంది. ఎలా వెయ్యాలో నాకు తెలుసు. పెదవి కొరుక్కుని గడపలోనే నిలబడ్డాను.

ఆసుపత్రి ప్రయాణానికి అన్న పరుపును అమ్మ ఆ తాడుతోనే కట్టింది. తాడు మరీ పొడుగు, చుట్టిందే చుట్టింది. నెల తిరక్కముందే నాయన దాన్ని భుజాన వేసుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. ఇప్పటికీ అది మా పుట్టింటి దూలానికి వేలాడుతోంది, పెట్రోలు వాసన మాత్రం పోయింది. కాలం ముందుగా వాసనలనే తీసుకుపోతుందేమో, మాటల జోలికి ఇంకా రాలేదు. వాళ్లు బయల్దేరిన రోజు ఆదోని స్టేషనులో రైలు కదలబోతుంటే నేను అన్న మొహం చూడలేక, ఆ పరుపు చుట్టనే చూస్తున్నాను. అన్న కిటికీలోంచి వంగాడు.

"ఏం పాపా, తాడు కోసం చూస్తాండావా? యాడా పోగొట్టన్లే. నేనే తెస్తా."