తగరపు మనుషులు

ఎనభైల మొదట్లో, విదేశంలో, పిస్కాటవే అనే ఊరికి వెళ్లే బస్సులో ఒక నడివయసు తెలుగావిడ నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఉన్న పెట్టె నిండా వేలెడంత తగరపు బొమ్మలు: కుండ చేసే కుమ్మరి, నాట్లు వేసే ఆడవాళ్లు, చెప్పులు కుట్టే ముసలాయన. ఇంటి బేస్‌మెంట్‌లో తానే పోత పోసి అమ్మేదట.

"దేవుళ్లను చేస్తే మనవాళ్లు ఎగబడి కొనేవారు," అన్నాను ఎకసెక్కంగా.

"దేవుళ్లను అందరూ చేస్తారండీ. వీళ్లనెవరు చేస్తారు?"

కష్టజీవుల గురించి నేను వేదికలెక్కి గొంతు చించుకుని చెప్పే మాటను ఆమె ఎంతో నెమ్మదిగా అనేసింది.

"మెటల్ రేటు బాగా పెరిగిపోయిందండీ. చేసినకొద్దీ నష్టమే. బిజినెస్ క్లోజ్ చేసేశాను. మిగిలిన వీటిని కరిగించేవాళ్లకి ఇచ్చేయడానికి వెళ్తున్నా."

ఆ మాట అంటూనే ఒక్కో బొమ్మనూ మెత్తటి కాగితంలో చుడుతోంది.

"కరిగిపోయేవాటికి ఇదంతా ఎందుకండీ?"

"అక్కడిదాకా బొమ్మలే కదా, అన్నయ్యగారూ! గీతలు పడితే ఎలా?"

చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. నేను జేబురుమాలు తీసి ఇచ్చాను.

ఇప్పటికీ ఏ ఊళ్లో బొమ్మల దుకాణం కనబడినా ఆగి అద్దాల్లోంచి చూస్తాను. లోపల సైనికులుంటారు, రాజులుంటారు.