నూలు గదిలోని రౌటరు

సత్యరాజు ఒక ఇంటికి పనిమీద వెళ్లవలసివస్తే, గంట ముందుగా ఫోను చేసి, తాను వస్తున్నట్లు చెప్పి గాని గడప తొక్కేవాడు కాడు. ఆడవాళ్లు ఏ పనిలో ఉంటారో, ఇల్లు ఏ తీరున ఉంటుందో, మనం చెప్పాపెట్టకుండా పోయి వాళ్లను నొచ్చుకునేలా చేయరాదని అతని అభిప్రాయం. రాజాంలో ఇరవై ఆరేళ్లపాటు టెలిఫోను తీగలు, తరువాత కేబుల్ టీవీ తీగలు లాగిన ఆ మనిషిని ఇన్ని ఇళ్లవాళ్లు తమవాడిగా చూడడానికి ఈ అలవాటు కొంత కారణం. ఆ అలవాటే ఒకసారి అతని బతుకుతెరువును పోగొట్టే అంచుదాకా తీసుకుపోతుందని అతడు ఎన్నడూ అనుకోలేదు.

రెండు వేల పధ్నాలుగు తుపాను వెళ్లిన నాలుగో రోజున, తెగిన తీగలు కలపడానికి ఎక్కిన తడి స్తంభం మీదినుంచి జారిపడి, అతని కుడి మోకాలిచిప్ప పగిలింది. నడక వచ్చింది గాని, స్తంభమెక్కే శక్తి మళ్లీ రాలేదు. కేబుల్ యజమాని నరసింగరావు చెడ్డవాడు కాడు. రెండేళ్లు ఏదో చిన్న పని చెప్పి, మనిషిని పోనీయకుండా ఉంచాడు. రెండు వేల పదిహేడులో ఫైబరు తీగమీద ఇంటింటికీ ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఉన్నమాట చెప్పాడు. స్తంభాలకు కాలు బాగున్నవాళ్లు కావాలి, ఇళ్లలో రౌటరు బిగించి, దాన్ని నడిచేటట్లు అమర్చడం నేర్చుకుంటే సత్యరాజుకు చోటు ఉంటుంది, లేకపోతే ఉండదు.

యాభై మూడేళ్ల వయసున, మిషను బడిలో ఏడో తరగతితో చదువు ఆపిన మనిషికి అది చిన్న పరీక్ష కాదు. నేర్పినవాడు మోహనకృష్ణ. డిప్లొమా చదివి, రెండేళ్లుగా నరసింగరావు కొట్టులోనే పనిచేస్తున్న కుర్రవాడు. తన పని ముగించుకుని రోజూ సాయంకాలం ఒక గంట సత్యరాజుతో కూర్చునేవాడు. పెట్టెకు తీగ ఎక్కడ గుచ్చాలి, ఫోనులో ఏ అంకెలు కొడితే రౌటరు తాలూకు పుట తెరుచుకుంటుంది, కంపెనీ ఇచ్చిన పేరు, రహస్యపదం ఏ గడిలో రాయాలి, ఇంటివాళ్ల వైఫైకి పేరు ఎలా పెట్టాలి, ఇవన్నీ ఓపికగా చెప్పాడు. సత్యరాజు ఒక నోటుపుస్తకంలో పన్నెండు మెట్లుగా వాటిని తెలుగులో రాసుకున్నాడు. ఇంగ్లీషు మాటలు కనబడేచోట వాటి ఆకారాన్ని బొమ్మలాగా దించుకున్నాడు. పదకొండో మెట్టు కింద ఎర్ర సిరాతో గీత గీసి, ‘సేవ్ నొక్కక పుట మూయరాదు’ అని రాశాడు. పన్నెండో మెట్టు ఒక్కటే మాట: ‘పచ్చ దీపం’. ఎర్రగా వెలిగే దీపం పచ్చగా మారేవరకు అతడు మనసులో ప్రభువును తలుచుకుంటూ నిలబడేవాడు. మారగానే పుస్తకం మూసి, పక్కనున్నవారికి నమస్కారం పెట్టేవాడు. ఎందుకు పెడుతున్నాడో వాళ్లకు తెలిసేది కాదు.

ఎవరి సాయమూ లేకుండా ఒక్కడే చేసిన తొలి పని పొందూరులో కూర్మమ్మ ఇంట్లో. కూర్మమ్మ అరవై అయిదేళ్ల మనిషి. సన్ననూలు వడకడంలో ఆ వీధిలో ఆమెకు సాటి లేదు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, ఏకులు చుట్టి, ఎండిన అరటిపట్టలో భద్రపరిచి, రాట్నం మీద ఆమె తీసిన దారం నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదని చెప్పుకునేవారు. ఆమె కోడలు శైలజ చదువుకున్నది. నేత సంఘం తరఫున హైదరాబాదులోని ఒక బట్టల కొట్టువారికి ప్రతి మధ్యాహ్నం మూడు గంటలకు ఫోనులో కొత్త బట్ట చూపించడానికి ఒప్పుకున్నది. అందుకే ఆ ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది.

రౌటరు ఎక్కడ పెట్టాలని సత్యరాజు అడిగితే, కూర్మమ్మ తన నూలు గది చూపించింది. ఆ ఇంట్లో మిక్కిలి శుభ్రమైనదీ, తాళం ఉన్నదీ ఆ గదే. గోడ గూట్లో పెడితే పిల్లులు ముట్టవని, ఎలుకలు రావని ఆమె అన్నది. కాదనడానికి అతనికి కారణం కనబడలేదు. గూట్లో పెట్టి, మెట్లన్నీ వరుసగా ఎక్కి, పచ్చ దీపం చూసి, తన పాత అలవాటు ప్రకారం రెండు బారల తీగ ఎక్కువగా చుట్టి గోడకు తగిలించి వచ్చాడు.

వారం తిరగకముందే ఫిర్యాదు వచ్చింది. రెండున్నర అయ్యేసరికి ఇంటర్నెట్ పోతున్నది; మూడింటికి హైదరాబాదువాళ్లు పిలిస్తే శైలజ ముఖం ఫోనులో బొమ్మలాగా బిగుసుకుపోతున్నది. సత్యరాజు యథాప్రకారం ఫోను చేసి, మిగిలిన ఇళ్ల పనులు ముగించుకుని సాయంకాలం అయిదింటికి వెళ్లాడు. గూట్లో రౌటరు తుడిచిన ముత్యంలాగా ఉంది. దీపం పచ్చగా వెలుగుతున్నది. అయినా కరెంటు అడాప్టరు మార్చి వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పోయింది. ఫోను చేసి మళ్లీ సాయంకాలం వెళ్లి, తీగ చివర కోసి కొత్తగా అతికించాడు. మూడోసారి రౌటరునే మార్చి, పన్నెండు మెట్లూ మొదటినుంచి ఎక్కాడు. మూడుసార్లూ అతని కళ్లముందు ఆ పెట్టె ఏ దోషమూ ఎరగనట్లు నడిచింది. అతడు ఇల్లు చేరిన మరుసటి మధ్యాహ్నం ఆగిపోయింది.

నరసింగరావు అతన్ని కొట్టుకు పిలిపించి కూర్చోబెట్టాడు. హైదరాబాదువాళ్లు మరొక ఊరివారిని వెతుక్కుంటున్నారని శైలజ చెప్పిందట. సోమవారంలోగా అది బాగుపడకపోతే రౌటర్ల పని మొత్తం మోహనకృష్ణకు అప్పగిస్తానన్నాడు. అప్పగిస్తే సత్యరాజుకు ఇంక మిగిలేది స్తంభాలే. స్తంభాలంటే అతనికి ఏమీ మిగలనట్లే.

ఆ సాయంకాలం మోహనకృష్ణే అతని పక్కన కూర్చున్నాడు. ఆ పని తనకే వస్తుందని తెలిసినా వాడి ముఖంలో సంతోషం లేదు.

"మావా, నువ్వు ఏ యేళకి ఎల్తన్నావు?"

"అయిదింటికి. ఫోను సేసే ఎల్తన్నాను."

"అది పోతన్నాది రెండున్నరకి. నువ్వు ఎల్తన్నది అయిదింటికి. పోయినప్పుడు సూడకుండా నీకేటి తెలుస్తాది? రేపు సెప్పకుండా ఎల్లు."

"ఆడోళ్లు పనిలో ఉండే యేళరా అది. సెప్పకుండా ఎలాగెల్తాను?"

"నీ మరియాద నీ కొంప ముంచుతాది మావా," అన్నాడు మోహనకృష్ణ, కోపంలేకుండా.

ఆ మాట సత్యరాజుతోనే ఇంటికి వచ్చింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ చేయని పని చేయడానికి మర్నాడు అతడు మోపెడు తీశాడు. మే నెల శనివారం. రెండు గంటలవేళ పొందూరు వీధిలో నీడ అన్నది లేదు. కూర్మమ్మ ఇంటి అరుగు దగ్గర దిగి, లోపలికి పోకుండా, వీధిలోనే నిలబడి, గొంతు సవరించుకుని పిలిచాడు. నూలు గది తలుపు, కిటికీ మూసి ఉన్నాయి. లోపల రాట్నం తిరుగుతున్న సన్నని చప్పుడు వినవచ్చింది. ఆగింది.

"ఎవులది?"

"నానేనమ్మా, సత్తిరాజుని. సెప్పకుండా ఒచ్చినాను, తప్పయిపోనాది."

సత్యరాజు అరుగెక్కేసరికి కూర్మమ్మ తలుపు కొద్దిగా తెరిచింది. ఆమె జుట్టు మీద, కనుబొమల మీద దూది నలుసులు తెల్లగా అంటుకుని ఉన్నాయి. లోపల ఫ్యాను లేదు. గాలి తగిలితే దువ్విన దూది ఎగిరిపోతుంది గనుక వడికేవేళ ఫ్యాను వేయరు, కిటికీ తీయరు. ఆ గది వేడి గడపదాకా వచ్చి సత్యరాజు ముఖానికి తగిలింది.

"ఉండు నాయనా, నువ్వొచ్చినావు గదా, ముందు దాని గుడ్డ ఇప్పనీ," అంటూ ఆమె తొందరగా గూటి వైపు తిరిగింది.

సత్యరాజు గడప దగ్గరే ఆగిపోయాడు. గూట్లో రౌటరు కనబడలేదు. నాలుగు మడతల తెల్లని సన్నఖద్దరు గుడ్డలో చుట్టి, చెంగులు పైకి తీసి ముడివేసిన ఒక మూట కనబడింది. ఆమె ముడి విప్పబోతుంటే అతడు వద్దని, లోపలికి రావడానికి అనుమతి అడిగి, ఆ మూట మీద అరచెయ్యి ఆనించాడు. ఉడుకుతున్న అన్నంగిన్నె మీది మూతలాగా ఉంది. గుడ్డ సందులోంచి దీపం చూడగా, అది పచ్చగా లేదు. ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతున్నది.

ఆమెను రెండు మాటలు అడిగేసరికి అతనికి సమస్తం తెలిసింది. పొద్దున పదింటికి వడకడానికి కూర్చునేటప్పుడు ఆమె దానికి గుడ్డ చుడుతున్నది. నాలుగు దాటాక లేచి విప్పుతున్నది. నడుమనున్న ఆ వేడికి లోపల కాగిపోయి ఆ పెట్టె తనంతట తానే ఆగుతున్నది. ఇక సత్యరాజు వస్తున్నాడని ఫోను వస్తే చాలు, పెద్దమనిషి వచ్చేవేళ వస్తువు మూటకట్టి ఉండరాదని, మరింత ముందుగా విప్పి, తుడిచి, గూట్లో కుదురుగా నిలబెట్టేది. అతని మర్యాద, ఆమె మర్యాద ఒకదాని వెనుక ఒకటి దాగి, మూడు వారాలపాటు దోషాన్ని చక్కగా దాచిపెట్టాయి.

"దూది నలుసు పోయి దాని కన్నాల్లో పడతాదని సుట్టినాను నాయనా," అన్నది కూర్మమ్మ. "ఈ ఇంట్లో ఇలువైనదేటైనా నాను ఇలాగే సుట్టి పెడతాను. నా ఏకులకి సుట్టనా, నా కళ్లజోడుకి సుట్టనా?"

"నలుసు పడకూడదన్నది నిజవేనమ్మా. కానీ దానికి ఊపిరాడాల. ఆడక ఉడికిపోతన్నాది."

గడపలోకి వచ్చిన శైలజ సంగతి విని తలపట్టుకుని, తరువాత నవ్వింది. టీవీకి ముసుగు వేసినట్లే ఇది కూడా అనుకుని తాను పట్టించుకోలేదని ఒప్పుకున్నది. "పురిటిబిడ్డని సుట్టినట్టు సుట్టేసినావు కదత్తా," అన్నది.

"నువ్వు నోరుమూసుకో ఒసే. సదువుకున్నదానివి, నువ్వైనా సెప్పొద్దేటి?"

ఆమె గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉన్నట్లు సత్యరాజు గ్రహించాడు. వెంటనే మాట మార్చి, తప్పు తనదేనన్నాడు. నూలు గదిలో పెట్టమన్నప్పుడే వద్దని చెప్పి ఉండవలసింది. తడవు చేయలేదు. మూడింటికి ఇంకా ముప్పావుగంట ఉంది. తగిలించి ఉంచిన రెండు బారల తీగ అప్పుడు అక్కరకు వచ్చింది. దాన్ని విప్పి, గోడవెంట ముందుగదికి తెచ్చి, వీధి తలుపు పైన గాలి ఆడే చోట ఒక కొయ్యపలక బిగించి, రౌటరును దానిమీద కూర్చోబెట్టాడు. అది చల్లబడేవరకు అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగాడు. ఆన్ చేసి, నోటుపుస్తకం తెరిచి పన్నెండో మెట్టు దగ్గర వేలు పెట్టుకుని నిలబడ్డాడు. రాసిన పేర్లు, అంకెలు అన్నీ పెట్టెలో భద్రంగానే ఉన్నాయి. దీపం ఎర్రగా వెలిగింది, మినుకుమన్నది, పచ్చబడింది. మూడింటికి హైదరాబాదు పిలుపు వచ్చింది. శైలజ అంచు తిప్పి చూపిస్తే అవతలివాళ్లు పోగులు కూడా కనబడుతున్నాయన్నారు. నలభై నిమిషాలు మాట్లాడినా ఆ దీపం చెదరలేదు.

పనిచీటీ మీద అతడు ‘వేడివల్ల ఆగినది, స్థలం మార్చితిని’ అని మాత్రమే రాశాడు. గుడ్డ మాట రాయలేదు. కూర్మమ్మ ఆ చీటీ కోడలిచేత చదివించుకుని విన్నది.

"ఇది సగవే గదా," అన్నది. "మీ నరసింగరావుకి ఫోను కలుపు."

సత్యరాజు అవసరం లేదమ్మా అన్నా ఆమె వినలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎదుటి మనిషి గదిలోనే ఉన్నట్లు గట్టిగా మాట్లాడింది.

"బాబూ, పొందూరు కూర్మమ్మని మాటాడతన్నాను. మీ మిసనుకి నానే గుడ్డ సుట్టి ఊపిరాడకుండా సేసినాను. తప్పు నాది. సత్తిరాజుది కాదు. మూడుసార్లు ఎండలో తిరిగినాడు, ఒక్కమాట పెంచి అన్లేదు. అతగాడి పని తీసేసినావంటే నాను రాజాం ఒచ్చి నీ కొట్టు ముందర కూకుంటాను."

నలభై ఏళ్లుగా తన దారంలో ఒక్క తప్పయినా ఒప్పుకోవలసిన అగత్యం రాని మనిషి, తనకేమీ కాని ఒకని కోసం, వీధికంతటికీ వినబడేటట్లు తన తప్పు చెప్పుకున్నది. సత్యరాజు తలవంచి, తెరిచి ఉన్న పుస్తకంలోని గీతలను చూస్తూ నిలబడ్డాడు. అక్షరాలు అతనికి కనబడలేదు.

సోమవారం నాడు నరసింగరావు నవ్వుతూనే ఎదురొచ్చాడు. రౌటర్ల పని సత్యరాజుదే అన్నాడు. ముసలమ్మ బెదిరింపుకు తాను భయపడ్డానని కూడా అన్నాడు. పన్నెండు మెట్లకు మొదట ఇంకొక మెట్టు చేరింది: ‘ఇంటివారు ఆ గదిలో ఏ పని చేయుదురో ముందుగా కూర్చుండి చూడవలెను.’ ఫోను చేసి వెళ్లడం మాత్రం అతడు మానలేదు. పెట్టెను ఏ వేళ ఏం చేస్తారని ఆ ఫోనులోనే అడగడం నేర్చుకున్నాడు.

జూను రెండో ఆదివారం సత్యరాజు భార్య పార్వతి ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించింది. బాప్టిస్టు సంఘంవాళ్లు పాతికమంది వచ్చారు, మోహనకృష్ణ వచ్చాడు. పొందూరు నుంచి బస్సులో కూర్మమ్మ, శైలజ వచ్చారు. పాటలయ్యాక సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు లేపితే, సత్యరాజు పెద్ద మాటలేవీ చెప్పలేదు. తన కాలు విరిగినప్పుడు ఉంచుకున్న యజమానికి, తన పని పోతే వాడికే లాభమని తెలిసి కూడా దారి చెప్పిన మోహనకృష్ణకు, తనకోసం తప్పు మీద వేసుకున్న కూర్మమ్మకు దేవుని యెదుట వందనాలన్నాడు. కూర్మమ్మ ఆ మతంది కాదు. అయినా పేరు వినగానే చేతులు జోడించి, అందరితోపాటు ఆమెన్ అన్నది, కాస్త ఆలస్యంగా.

భోజనాలయ్యాక ఆమె సంచిలోంచి ఒక తెల్లని మడత తీసి అతని చేతిలో పెట్టింది. అదే గుడ్డ. ఉతికి, గంజి పెట్టి తెచ్చింది.

"దీన్ని ఏటికి సుట్టమంటారమ్మా?" అన్నాడు సత్యరాజు.

"నీ పుస్తకానికి సుట్టు. దానికి ఊపిరాడకపోయినా పరవాలేదు గదా?"

పాతికమందీ నవ్వారు. సత్యరాజు అక్కడే, అందరి ముందూ, జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆ గుడ్డలో చుట్టాడు. చెంగులు పైకి తీసి, కూర్మమ్మ వేసినట్లే ముడి వేయబోయాడు. అది సరిగా కుదరలేదు. ఆమె ఊరుకోలేక పుస్తకం తీసుకుని, విప్పి, తానే చుట్టి ఇచ్చింది.