మలేషియా మ్యాపులో కదిలిన బాణం

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. గుంటూరులో లెక్కల టీచర్‌ని. బాత్రూముల దగ్గర దయ్యం ఉందని పిల్లలెవరైనా అంటే, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లి చూపించే రకం. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ మా ఇంట్లోవాళ్లకు, మరో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మ రూతమ్మది పర్చూరు దగ్గర పల్లె. మిరపచేలల్లో కూలికి వెళ్లి నన్ను చదివించింది. ఆమె అక్క ఎస్తేరమ్మ పద్నాలుగేళ్లకే పెళ్లయి, భర్తతో కలిసి మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటల్లో పనికని ఓడెక్కింది. అప్పటికి అమ్మకు ఐదేళ్లు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయట. జపాను యుద్ధంతో అవీ ఆగిపోయాయి. మా బంధువులందరూ ఆమె పోయిందనే అనుకున్నారు.

డెబ్బై దాటాక ఒకరోజు అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మాయ్, నాకు పాస్‌పోర్టు తీయించు. మా అక్క కాడికి పోదాం."

"ఉందో లేదో తెలియదు కదమ్మా."

"పోయిందని ఎవురన్నా వచ్చి చెప్పారా? చెప్పిందాకా ఉన్నట్టే."

ఇక ఆమెను ఆపడం నావల్ల కాలేదు. మా దగ్గరున్న ఆధారమల్లా పాత కవరు మీద ఒక ఎస్టేటు పేరు. అమ్మను బస్సుల్లో తిప్పలేను. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు కాబట్టి, కారు అద్దెకు తీసుకుని నేనే నడుపుదామని నిశ్చయించుకున్నాను. కారు ఇచ్చేవాళ్లు దారి చూపే జీపీఎస్ పెట్టె తమ దగ్గర లేదన్నారు. హైదరాబాదులో కొత్తది కొన్నాను. అందులో ఇండియా మ్యాపు తప్ప వేరేది లేదు.

స్మార్ట్‌ఫోన్లు ఇంకా మా చేతుల్లోకి రాని రోజులవి. మలేషియాలో కొందరు కలిసి గీసిన మ్యాపు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుందని విని, బ్రాడీపేటలో ప్రసాద్ గారి నెట్ సెంటర్‌కి వెళ్లాను. సగం దిగాక లైను పోయేది. మళ్లీ మొదటినుంచి. నాలుగు రోజులు స్కూలు అయ్యాక వెళ్లి కూర్చున్నాను. "వదిలెయ్యండి మేడం, అక్కడే ఎవరినైనా అడగొచ్చు" అన్నారాయన. నేను వదల్లేదు. ఐదో రోజు మ్యాపు మొత్తం దిగింది. నా కళ్లముందే కొత్త మెమరీ కార్డు ప్యాకెట్టు చింపి, దాన్ని అందులోకి ఎక్కించారు.

ప్రయాణం ఇంకా మూడు వారాలుందనగా, ఒక ఆదివారం అమ్మావాళ్ల ఊళ్లో చర్చికి వెళ్లాం. తిరిగి వస్తూ, పెట్టె వాడకం అలవాటు చేసుకుందామని పత్తిచేను పక్కన కారు ఆపి, ఇంజను కట్టేసి మలేషియా కార్డు పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మనం ఉన్నది ఇండియాలో కాబట్టి తెర ఖాళీగా ఉండాలి.

ఖాళీగా లేదు. ఒక ఏరు, దాని పక్కన మనం ఎక్కడున్నామో చూపించే బాణం. ఆ బాణం కదులుతోంది. ఏటి వెంట నెమ్మదిగా, మనిషి నడిచినట్టు.

"ఏందమ్మాయ్ అది, నడస్తా ఉంది?" అంది అమ్మ.

కట్టేసి మళ్లీ పెట్టాను. అదే. కింద అక్షాంశం, రేఖాంశం అంకెలు చూశాను. మన ప్రాంతం పదహారో డిగ్రీ దగ్గర ఉంటుంది. తెరమీద నాలుగు అని ఉంది. ఇరవై నిమిషాలకు బాణం ఒకచోట ఆగిపోయింది. ఆ అంకెలు చర్చిలో ఇచ్చిన పాటల కాగితం మీద రాసుకున్నాను. కాసేపటికి తెర దానంతటదే ఖాళీ అయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా బాణం రాలేదు.

ప్రసాద్ గారికి ఫోన్ చేస్తే, "సిగ్నల్ సరిగ్గా అందకపోతే అట్టాగే పిచ్చిగా చూపిద్దండీ" అన్నారు. నేనూ సరిపెట్టుకున్నాను.

మలేషియాలో మొదటి రెండు రోజులు వృథా అయ్యాయి. కవరు మీది ఎస్టేటు ఎప్పుడో చేతులు మారి పామాయిల్ తోట అయిపోయింది. పాత కూలీల సంగతి తెలిసినవాళ్లే లేరు. రెండో రోజు సాయంత్రం నేను నీరసించిపోయాను. అమ్మ మాత్రం హోటల్ గదిలో మంచం మీద కూర్చుని తీరిగ్గా అడిగింది.

"ఆ దినం కాయితం మీద ఏందో రాసుకున్నావే, ఆడికి పోదాం."

"అది మిషను తప్పమ్మా."

"తప్పయితే తిరిగొద్దాం. పోతే ఏం పోద్ది?"

మర్నాడు పొద్దున ఆ అంకెలు పెట్టెలో కొట్టి బయలుదేరాం. రెండు గంటల ప్రయాణం. తారు రోడ్డు అయిపోయి ఏటి కట్ట వచ్చింది. కట్ట చివర కొబ్బరిచెట్ల మధ్య చిన్న సమాధుల తోట. పెట్టె అక్కడే ఆగమంది.

ఒక కొత్త సమాధి. మట్టి ఇంకా కుంగలేదు. చెక్క సిలువ మీద ఇంగ్లీషులో పేరు, దాని కింద వంకరటింకర తెలుగు అక్షరాలు. అమ్మకు చదువు రాదు. "ఏం రాశారు?" అంది. రెండోసారి అడిగాక చదివాను.

"ఎస్తేరమ్మ. పర్చూరు."

అమ్మ ఏడవలేదు. అక్కడే చతికిలబడి ఆ మట్టి మీద చెయ్యి పెట్టింది. "మూడు వారాలు ఆగలేకపోయావా?" అని అక్కను కసిరింది.

మూడు వారాలని ఎవరూ చెప్పలేదు. ఆమె ఎలా అందో నాకిప్పటికీ తెలియదు.

కారు చప్పుడు విని, దగ్గరి ఇళ్లలోంచి అరవై ఏళ్లావిడ వచ్చింది. పెద్దమ్మ కూతురు లిల్లీ అక్క. మేమెవరమో చెప్పగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడు పోయింది?" అని అడిగాను.

"శనివారం రాత్రి. ఆదివారం నాలుగు గంటలకి ఇంటికాణ్ణించి ఎత్తినాం. కట్టమీద నడిచే తెచ్చినాం" అంది.

ఏ ఆదివారమో అడిగి తేదీ సరిచూసుకున్నాను. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. వాళ్లకు నాలుగయితే మనకు ఒంటిగంటన్నర.

అమ్మ లిల్లీ అక్క చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఓడ దిగిన కాణ్ణించి చెప్పు. ఒక్కటీ వదలబాక" అంది. ఆ రోజంతా వింటూనే ఉంది. మిగిలిన వారం వాళ్లింట్లోనే ఉన్నాం.

తిరిగొచ్చాక సర్వే పనులు చేసే ఒకాయనకు ఆ పెట్టె చూపించాను. పాత చోటు ఏదైనా అందులో నిలవ ఉండి చూపించి ఉండొచ్చు అన్నారాయన. నా పెట్టె ఆ దేశం మొహం చూడకముందు జరిగిందండీ అన్నాను.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం పత్తిచేను పక్కన కదలకుండా కూర్చున్న మేము, ఇరవై నిమిషాల పాటు ఎవరి వెనక నడిచామో అడిగితే మాత్రం ఆ పాటల కాగితం తీసి చూపిస్తాను.